వెనక్కి మాత్రమే ఆగే జీపు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు జూన్‌లో నన్ను మఠంపల్లి వైపు ఉన్న ఒక సున్నపురాయి గనికి వర్క్‌షాపు ఇన్‌ఛార్జిగా బదిలీ చేశారు. ఇల్లు సూర్యాపేటలో ఉండేది. వారమంతా కంపెనీ క్వార్టర్లో ఉండి, ఆదివారం బస్సెక్కి ఇంటికి పోయేవాణ్ని. నా కింద ఒక సీనియర్ ఫిట్టరు, ఐదుగురు మెకానిక్కులు ఉండేవారు. డంపర్లు, తవ్వే యంత్రాలు, డ్రిల్లింగ్ బండ్లు మా చేతి కింద నడిచేవి. వాటితోపాటు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కూడా ఉండేది. నేను చెప్పబోయేది ఆ జీపు గురించే.

గనిలో దాని పని చిన్నదేమీ కాదు. రాయి పేల్చే ముందు ఎర్రజెండా కట్టుకుని, సైరన్ మోగిస్తూ చుట్టుపక్కల మనుషుల్ని, పశువుల్ని దూరంగా పంపే బండి అదే. వానాకాలం బురదలో వేరే ఏ బండీ ఆ ఎత్తుపల్లాలు ఎక్కేది కాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కాబట్టి ఇది ఎక్కేది. దాని వయసు ఎవరికీ కచ్చితంగా తెలియదు. రంగు మాత్రం నేను చూసే నాటికే మూడోసారి వేసింది.

గనిలో ఒక నియమం ఉండేది. రిపేరుకొచ్చిన బండి ఏదైనా సరే, వర్క్‌షాపు ఇన్‌ఛార్జి పరీక్షించి ఫిట్‌నెస్ రిజిస్టరులో సంతకం పెట్టేదాకా గేటు దాటకూడదు. సంతకం పడ్డాక బండికి ఏమైనా అయితే ముందుగా అడిగేది ఆ సంతకం పెట్టినవాణ్నే.

నేను చేరిన నెలలోనే జీపు ముందు యాక్సిల్ విప్పాల్సి వచ్చింది. సీళ్లు పోయి, గేర్ ఆయిల్ కారి బ్రేకుల మీద పడుతోంది. మా సీనియర్ ఫిట్టరు ఖాజా మియా దగ్గరుండి ముందు చక్రాల సామానంతా ఊడదీయించాడు. డీజిల్‌తో కడిగి, రంగు కొట్టి, తిరిగి బిగించారు. బ్రేకు షూలకు కొత్త లైనింగు, అంటే రాపిడికి అరిగే పట్టీ, మిర్యాలగూడలో రివెట్ కొట్టించాం. రబ్బరు వాషర్ల కిట్టు కోదాడ నుంచి తెప్పించాం. అన్నీ బిగించాక నేను బండెక్కి వర్క్‌షాపు ఆవరణలో రెండు చుట్లు తిప్పి, సంతకం పెట్టాను.

మూడో రోజు డ్రైవరు సైదులు వచ్చాడు. మిర్యాలగూడ పక్క పల్లెటూరివాడు, మితభాషి, ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాడు. “తొక్కుడు తొక్కుతనే ఉన్న సార్, బండి మాట ఇంటలేదు” అన్నాడు.

హైడ్రాలిక్ బ్రేకు బలహీనపడితే వెతకడానికి ఒక వరస ఉంటుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేకాయిలు గొట్టాల గుండా చక్రాల దగ్గరికి తోసుకుపోతుంది. అక్కడున్న చిన్న సిలిండర్లు వంపు తిరిగిన షూలను తెరిచి, చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు అదుముతాయి. ఈ దారిలో ఎక్కడ లోపమున్నా పెడల్ ఏదో ఒక రకంగా చెప్తుంది. మెత్తగా స్పంజిలా దిగితే గొట్టాల్లో గాలి చేరినట్టు. కాలు అదిమి ఉంచినా మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు పోయినట్టు. మొదటిసారి పాతాళానికి పోయి, రెండోసారి తొక్కితే పైకొస్తే షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ ఎక్కువైనట్టు.

మేం అన్నీ చూశాం. లీకు లేదు. బ్రేకాయిలు మార్చి, అన్నిటికన్నా దూరపు చక్రంతో మొదలుపెట్టి నాలుగు చక్రాల్లోనూ గాలి తీశాం. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిప్పిల్ విప్పడం, సీసాలో బుడగలు ఆగేదాకా అదే పని. మాస్టర్ సిలిండర్ కిట్టు మార్చాం. అనుమానం తీరక మళ్లీ మార్చాం. కోదాడలో సామాన్ల దుకాణమాయన మా మనిషిని చూసి, “ఈ మధ్య మా షాపు మీ జీపు మీదే నడుస్తోందండీ” అన్నాడట.

ఖాజా మియా చేతులు తుడుచుకుంటూ, “పెడల్ రాయి లెక్క గట్టిగున్నది సార్. గాలి లేదు, లీకు లేదు. ఇంకేం పరేషాన్ ఉంటది? కొత్త లైనింగు గదా, జర అరిగితే పట్టు అదే కుదురుతది” అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. కొత్త లైనింగు డ్రమ్ముకు ఒదగడానికి కొన్ని రోజులు పడుతుంది. నాకూ ఆ సమాధానం అనువుగా తోచింది. సైదులుకు అదే చెప్పి పంపించి, రిజిస్టరులో రెండోసారి సంతకం పెట్టాను.

వారం తిరగకముందే జీపు లింగమ్మ నీళ్ల తొట్టిని గుద్దింది.

లింగమ్మ గొర్రెల మంద మా గని రోడ్డు మలుపులోనే ఉండేది. డెబ్బై ఏళ్ల మనిషి. కొడుకులు మందను మేపుకొస్తే, ఆమె దొడ్డి కాపలా చూసుకునేది. పేలుడుకు ముందు మందను అవతలికి తోలమని చెప్పడానికి సైదులు రోజూ అక్కడిదాకా వచ్చి, జీపు తిప్పుకుని వెళ్లేవాడు. ఆ రోజు పల్లంలో దిగుతూ బ్రేకు తొక్కితే జీపు జారుకుంటూ వచ్చి, గొర్రెలు నీళ్లు తాగే సిమెంటు తొట్టిని రెండు ముక్కలు చేసింది. అదృష్టం కొద్దీ గొర్రెలన్నీ మేతకు పోయి ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మైన్స్ మేనేజరు, అంటే గని భద్రతకు చట్టప్రకారం బాధ్యుడైన అధికారి, సైదులుకు సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. బండి ఫిట్ అని వర్క్‌షాపు రెండుసార్లు రాసిచ్చింది కాబట్టి తప్పు డ్రైవరుదే అయ్యుండాలన్నది ఆయన లెక్క. రుజువైతే డ్యూటీ నుంచి తప్పించేవారు. నన్ను ఘటనా స్థలం చూసి, స్కెచ్ గీసి, బండి స్థితి మీద మూడు రోజుల్లో నివేదిక ఇమ్మన్నారు. నిజం చెప్పాలంటే నివేదిక నా మనసులో అప్పటికే తయారై ఉంది. పెడల్ గట్టిగా ఉంది, లీకు లేదు, వేగం ఎక్కువై ఉండవచ్చు. నాలుగు వాక్యాల పని.

మర్నాడు పొద్దున మోటార్‌సైకిల్ మీద వెళ్లి, టేపు పట్టి కొలతలు తీసుకుంటున్నాను. లింగమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. తొట్టి గురించి తగువు పడుతుందనుకున్నాను.

“సైదులు నౌకరీ తీస్తరంట గదా” అంది.

విచారణ జరుగుతోందని చెప్పాను.

“ఆ పిలగాణ్ని ఏమనకుండ్రి సారూ. తాగడు, ఫోన్ల మాట్లాడుకుంట బండి నడపడు. గొర్రె అడ్డమొస్తే హారను గూడ కొట్టడు, దిగొచ్చి తోల్తడు. మీ జీపుకే ఏందో అయింది.”

“జీపు మంచిగనే ఉందవ్వా. రెండుసార్లు చూసినం” అన్నాను.

“ఏం సూసిండ్రో మీరు. రోజు నా కండ్ల ముందట మలుపుకుంటడు. ముందటికి వచ్చేటప్పుడు జారుకుంట జారుకుంట గాడికొచ్చి ఆగుతది. ఎనకకు పోయేటప్పుడు కాలు పెట్టంగనే ఆగుతది. మల్ల గది మంచిగుండుడేంది?”

నేలమీద టైరు గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆమె చేతికర్రతో చూపించింది. ముందుకొచ్చిన గుర్తులు ఏ రాపిడీ లేకుండా సాఫీగా సాగిపోయి ఉన్నాయి. వెనక్కి మళ్లిన చోట మాత్రం మట్టిలో ముందు టైర్లు పట్టి ఆగిన ముద్రలు పొట్టిగా, లోతుగా ఉన్నాయి. నేను సరేనని తల ఊపి, కొలతలు రాసుకుని బయల్దేరాను. అర కిలోమీటరు పోయాక ఆమె మాట అప్పుడే విన్నట్టు తోచింది. బండి రోడ్డు పక్కన ఆపేశాను. రిజిస్టరులో ఉన్న రెండు సంతకాలూ నావే.

ఎందుకో చెప్పాలి. ఆ రకం జీపుకు ముందు చక్రాల్లో ఒక్కోదానికి రెండు సిలిండర్లుంటాయి. డ్రమ్ము ముందుకు తిరుగుతున్నప్పుడు ఆ తిరుగుడే రెండు షూలనూ తనవైపు లాక్కుని, మనం తొక్కినదానికన్నా గట్టిగా అదిమేలా వాటిని అమరుస్తారు. వెనక్కి నడిపితే ఈ సాయం అందదు కాబట్టి బ్రేకు కాస్త తగ్గుతుంది. బాగున్న జీపు గుణం అది. మా జీపు గుణం సరిగ్గా తలకిందులుగా ఉంది.

వర్క్‌షాపుకు పోగానే ఖాజా మియాను పక్కన కూర్చోబెట్టుకుని, జీపును గని వెనకనున్న చదును నేల మీదికి తీశాను. ఒక రాయి గుర్తు పెట్టుకుని, రాయి దగ్గరికి రాగానే బ్రేకు తొక్కాను. బండి తాపీగా చాలా దూరం పోయి ఆగింది. తరవాత వెనక్కి నడిపి, అదే వేగంలో అదే రాయి దగ్గర తొక్కాను. జీపు నాటుకున్నట్టు నిలిచిపోయింది. ఖాజా మియా తల వెనకనున్న రాడ్డుకు కొట్టుకుంది. ఆయన తల రుద్దుకుంటూ నావైపు తిరిగాడు. “ఇంకోసారి వద్దు సార్, సమజైంది” అన్నాడు.

ముందు చక్రాలు రెండూ ఊడదీశాం. షూలూ సిలిండర్లూ బిగించి ఉండే ఇనుప పళ్లేన్ని బ్యాక్ ప్లేటు అంటారు. ఎడమదీ కుడిదీ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకదాని స్థానంలో ఇంకొకటి పనికిరాదు. ఖాజా మియా స్క్రూడ్రైవరుతో ప్లేటు వెనక రంగు గీకాడు. పొరల కింద, ఏ వైపుదో చెప్పే అచ్చుగుద్దిన అక్షరం బయటపడింది. కుడి చక్రం మీద ఎడమది ఉంది, ఎడమ చక్రం మీద కుడిది. యాక్సిల్ విప్పినప్పుడు రెండూ కలిపి ఒకే తొట్లో డీజిల్‌లో నానబెట్టారు, రెండిటికీ రంగు కొట్టారు, ఆరాక చేతికి ఏది దొరికితే అది బిగించారు. ప్లేట్లు తారుమారవడం వల్ల బ్రేకాయిలు హోసు కొంచెం లాగి కట్టినట్టు ఉండటం సంతకం పెట్టిననాడే నేనూ చూశాను. పాత బండి కదా అని వదిలేశాను.

ఖాజా మియా ఆ అక్షరం మీద వేలు పెట్టి చూశాడు. “నా చేతులతోనే బిగించిన సార్” అన్నాడు. చూసి సంతకం పెట్టింది నేనని చెప్పాను. ప్లేట్లు మార్చి, గాలి తీసి, ఆ సాయంత్రమే మళ్లీ రాయి దగ్గర పరీక్షించాం. ఈసారి ముందుకు నడిపినప్పుడు జీపు ఆగింది. యాభై దాటిన మేమిద్దరం ఆ రాయి చుట్టూ ఇంకో అరగంట జీపును ఊరికే ముందుకు నడిపి ఆపుతూ కూర్చున్నాం. అంత సంతోషంగా బ్రేకు తొక్కిన రోజు నాకు ఇంకొకటి లేదు.

నివేదిక నాలుగు వాక్యాల్లో అవలేదు. లోపం ఎలా జరిగింది, ఎలా దొరికింది, డ్రైవరు ముందే చెప్పినా నేను ఎందుకు పట్టుకోలేకపోయాను, అన్నీ రాశాను. మేనేజరు చదివి, “మీ సంతకానికి మీరే ఎదురు రాశారే” అన్నాడు. అవునన్నాను. ఆయన కఠినుడే గాని అన్యాయస్తుడు కాదు. సైదులుకు ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకున్నాడు. నాకు హెచ్చరిక లేఖ ఇచ్చి, నకలు నా సర్వీసు ఫైలులో పెట్టించాడు. నేను రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది.

లింగమ్మకు మా వర్క్‌షాపువాళ్లు డంపరు పాత రేకుతో బ్రహ్మాండమైన తొట్టి చేసిపెట్టారు. ఆమె చుట్టూ తిరిగి చూసి, “ఎండకు నీళ్లు కాగుతయి, గొర్రెలు మూతి పెట్టయి” అని తేల్చింది. మిర్యాలగూడ నుంచి సిమెంటు తొట్టి తెప్పించి దించాక గాని మమ్మల్ని వదల్లేదు. రేకు తొట్టిని కూడా వెనక్కివ్వలేదు. అందులో గొర్రెల మేతకు పిల్లి పెసర ఎండబోసుకుంటానంది.

ఆ తరవాత ఒకరోజు సైదులును అడిగాను. వెనక్కి బాగా ఆగుతోందన్న సంగతి నాకెందుకు చెప్పలేదని. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీరు ఏం ఖరాబైందో అడిగిండ్రు సార్. మంచిగున్నదాని మీద కంప్లైంట్ ఎవరు రాస్తరు?” అన్నాడు.

ఆ వారమే మా రిపేరు ఫారంలో మార్పులు చేశాం. బ్రేకు పరీక్ష గడిని రెండు చేసి ముందుకు, వెనక్కి అని రాయించాం. విప్పిన జతల్ని కడిగే ముందే ఎడమ, కుడి అని గుర్తు పెట్టడం తప్పనిసరి చేశాం. ‘ఏమి చెడింది’ అన్న పాత ప్రశ్న కింద ‘ఏమి బాగా పనిచేస్తోంది’ అన్న కొత్త ప్రశ్న చేర్చాం. మొదట్లో మెకానిక్కులు ఆ గడిని చూసి నవ్వుకునేవారు. మిగిలిన నా సర్వీసులో ఒక పట్టాన పట్టుబడని లోపాలు చాలావరకు ఆ గడిలో రాసిన జవాబుల వల్లే దొరికాయి. చెడినదాన్ని మాత్రమే చూస్తే లోపం ఉందని తెలుస్తుంది. అది ఎక్కడుందో తెలియాలంటే బాగున్నదాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి.