అట్టల వెనక చీటీలు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. మా అమ్మా నాయనా ఇద్దరూ బిల్డింగు పనులకు పోయేవాళ్ళు. పొద్దున నీళ్ళు పట్టడం, పగలంతా చెల్లెను చంకనేసుకొని తిప్పడం నా పని. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, నాలుగిళ్ళలో పాచిపని. అరవై దాటాక, ఒంటిగది ఇళ్ళు వరసగా ఉండే మా చాల్‌లోనే ఉండే ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పుతానంటే పోయి కూర్చున్నాను. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మెల్లగా రాయగలను.

మేముండేది కామాటిపురలో, పనికోసం వలస వచ్చిన తెలుగువాళ్ళ పేటలో. మా నాయనకు అన్న, మా పెద్దనాయన, పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. ఫోరస్ రోడ్డులో ఒక బైండింగ్ షాపులో పని. అక్కడికి పాత ఇంగ్లీషు పత్రికలు వచ్చేవి. పారేసే పేజీల్లోంచి మంచి ఫొటోలు కత్తిరించి, మైదా బంకతో అట్టల మీద అంటించేవాడు. షాపులో తెలుగాయన ఒక ముసలి గుమాస్తా ఉండేవాడట. ఆయన ఇంగ్లీషు చదివి, ఆ ఫొటో ఏమిటో తెలుగులో చీటీ రాసిస్తే, పెద్దనాయన దాన్ని అట్ట వెనక అంటించేవాడు. అట్లా నలభై దాకా అట్టలయ్యాక గుమాస్తా పని మాని ఊరికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా గదుల ముందుండే గ్యాలరీలో పిల్లలందరం చేరేవాళ్ళం. పెద్దనాయన స్టూలు మీద కూర్చొని ఒక్కో అట్ట ఎత్తి చూపించేవాడు. అదేమిటో మేం చెప్పాలి. చార్మినార్ అయితే అందరూ ఒక్కసారే అరిచేవాళ్ళు. మిగతావి అంత తేలిక కాదు. లడాయిలో వాడే ట్యాంకును నేను రోడ్డు రోలరన్నాను. విషపు గాలి నుంచి కాపాడుకోవడానికి సిపాయిలు తొడుక్కునే ముసుగును చూసి, ముందు గొట్టం వేలాడుతుందని అందరూ గణపతి అన్నారు. పక్కకు ఒరిగిన తెల్లటి గోపురం చూపిస్తే, "మేస్త్రీ పునాది సరిగ్గ తియ్యలే" అన్నాను నేను. పెద్దనాయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

మా మాటలన్నీ అయ్యాక ఆయన అట్ట తిప్పి, వెనక చీటీని కొంచెంసేపు చూసి, పక్కింటి అక్క చేతికిచ్చేవాడు. "నువ్వు చదువు బిడ్డా" అనేవాడు. పక్కింటి అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద, బడికి పోయేది. స్టూలు పక్కన పీట ఆమెది. రెండు జడలు వెనక్కి వేసుకొని, గొంతు సవరించుకొని చదివేది. చదివాక నా వంక చూసేది. "రోడ్డు రోలరంట! ఏం పిల్లవే నువ్వు!" అనేది. పిల్లలంతా నవ్వేవాళ్ళు.

నా కడుపు మండేది. ఆయన నా పెద్దనాయన. ఆయన చొక్కా ఉతికేది నేను, ఆయనకు చాయ్ తెచ్చేది నేను. పీట మాత్రం ఆమెది. ఆమె చదువుతుంటే, ఒక్కచోటైనా తడబడకపోతుందా, అప్పుడు నేను నవ్వనా అని ఒక్కో మాట పట్టి పట్టి వినేదాన్ని. ఆమె తడబడేది కాదు. ఆమె జడలకున్న రిబ్బన్లు కూడా నాకు నచ్చేవి కావు.

ఒక వానాకాలం, మా గల్లీ చివర తెలుగు బడి పెద్దసారు ఎక్కడో ఈ అట్టల సంగతి విన్నాడు. సోమవారం పొద్దున బడికి తెచ్చి పిల్లలకు చూపించమని పెద్దనాయనను అడిగాడు. పెద్దనాయన ఆ వారమంతా వేరే మనిషయ్యాడు. "నన్ను సారు పిలిచిండు" అని నల్లా దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు. పక్కింటి అక్క తన వెంట వచ్చి చదువుతుందని కూడా చెప్పాడు.

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం కింది పెట్టె లాగాను. తడిగుడ్డతో అట్టల వెనక తుడిచాను. మైదా బంక కదా, చీటీలు మెత్తగా ఊడొచ్చాయి. ఒక్కటీ మిగల్లేదు. వాటిని నలిపి మోరీలో పడేశాను. చీటీలు లేకపోతే ఆమె కూడా మాలాగే కింద కూర్చుంటుంది అనుకున్నాను. అంతకంటే ముందుకు నా బుద్ధి పోలేదు.

ఆదివారం మొదటి అట్ట తిప్పి పెద్దనాయన ఆగిపోయాడు. రెండోది తిప్పాడు. మూడోది తిప్పాడు. పక్కింటి అక్క వంగి చూసి, "చీటీలేవి కాకా?" అంది. తర్వాత మెల్లగా, "మరి రేపెట్ల? ఏది ఏందో మీరు చెప్పుండ్రి, నేను మళ్ళ రాస్త" అంది.

"నాకేం తెలుసు బిడ్డా. నాకు అక్షరమ్ముక్క రాదు. నువ్వు చదివితేనే నేనూ వినేది" అన్నాడు పెద్దనాయన.

అన్నాళ్ళూ ఆయన చీటీ వంక చూసేది చదవడానికి అనుకున్నాను. ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నది ముద్దుతో అనుకున్నాను.

ఆయన అట్ట వెనక వేలితో రుద్ది చూశాడు. బైండింగ్ పనివాడి వేలికి బంక ఎప్పుడు తడిసిందో, ఎట్లా తడిసిందో తెలిసిపోతుంది. తలెత్తి నన్నొక్కసారి చూశాడు. నేను చెల్లె జుట్టులో మొహం దాచుకున్నాను. "రాత్రి వానకు పైకప్పు కారినట్టుంది" అన్నాడు. పిల్లలందరూ పైకి చూశారు. కప్పు పొడిగా ఉంది.

పక్కింటి అక్క గుర్తు చేసుకొని ఏడెనిమిది చెప్పింది. చదివి పక్కన పెట్టినవి కదా, తర్వాత ఆగిపోయింది. అప్పుడు పెద్దనాయన నన్ను పిలిచాడు. "ఆమె చదువుతుంటే నీ పెదవులు కదులుతుంటయి. నేను చూస్తనే ఉంట. రా, నువ్వు చెప్పు. ఆమె రాస్తది" అన్నాడు. లేచి, ఆ స్టూలు మీద నన్ను కూర్చోబెట్టాడు.

నాకన్నీ వచ్చు. ఒక్కో అట్ట చూపిస్తుంటే ఆమె గొంతుతో సహా గుర్తొచ్చింది. కుళ్ళుతో విన్న మాటలు ఒక్కటీ చెరిగిపోలేదు. నేను చెబుతుంటే పక్కింటి అక్క నేల మీద కూర్చొని, నోటుబుక్కు కాగితాలు చింపి రాసింది. "కొంచెం మెల్లగ చెప్పు చెల్లె" అని నన్ను బతిమాలింది కూడా.

అక్కడితో ఆగితే బాగుండేది. చివర్లో ఒక ఫొటో వచ్చింది. ఊరి ఇళ్ళ మీద ఆకాశంలో చేపలాంటి పెద్ద బుడగ. అదేమిటో నాకు బాగా తెలుసు. కానీ రేపు ఇది బడిలో చదివేది ఆమె కదా అనిపించింది. "సర్కస్ వచ్చిందని ఊరంతకు చాటనీకి ఎగరేసే బెలూన్" అన్నాను.

పక్కింటి అక్క పెన్సిలు ఆపింది. "అట్ల కాదేమో కాకా. ఏదో లడాయి సంగతి ఉండె."

"మా బిడ్డ చెప్పింది రాయి" అన్నాడు పెద్దనాయన.

ఆమె తల వంచుకొని రాసింది. నేను కోరుకున్నదంతా ఆ ఒక్క మాటలో నాకు దొరికింది. స్టూలు మీద కూర్చోలేక దిగిపోయాను.

ఇప్పుడు నేను ఆగి ఆగి రాస్తానని టీచరమ్మ విసుక్కుంటుంది. అక్షరాలు రాక కాదమ్మా అని చెప్పాను. కాగితం మీద పెట్టిన మాటను ఎవరో నమ్మి, నలుగురి ముందు నిలబడి పైకి చదువుతారు. అది రాయించినవాళ్ళ మనసులో ఏముందో చదివేవాళ్ళకు తెలియదు. ఆ భయం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది, ఇంకా పోలేదు.

మర్నాడు పొద్దున పెద్దనాయన తెల్లచొక్కా వేసుకొని బయల్దేరాడు. అక్క అట్టలు పట్టుకొని వెంట నడిచింది. నేను చెల్లెను ఎత్తుకొని వెనకాలే పోయి, బడి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల పిల్లలు నవ్వుతూ, అరుస్తూ, ఒక్కో ఫొటోకు ఏదో ఒకటి చెబుతున్నారు. పెద్దసారు కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ బెలూన్ అట్ట పైకి లేచింది. పిల్లలు చేప అన్నారు, ఏనుగన్నారు. పెద్దనాయన అట్ట తిప్పి, ఎప్పటిలాగే వెనక కొంచెంసేపు చూసి, అక్క చేతికిచ్చాడు. అక్క గొంతు సవరించుకుంది.

"చదవకక్కా! అది అబద్ధం!" అని అరిచాను.

అందరూ కిటికీ వైపు తిరిగారు. చంకలో చెల్లె ఏడుపు అందుకుంది. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు పెద్దసారు. నేను పెద్దనాయన వంక చూడలేదు. చీటీలు ఊడదీసింది నేనే అని చెప్పాను. ఈ ఒక్కటి కావాలనే తప్పు చెప్పానని, అక్క కాదేమో అన్నా నా మాట మీదే రాయాల్సొచ్చిందని చెప్పాను. తర్వాత ఊచలు పట్టుకొని, పాత చీటీలో ఉన్నది ఉన్నట్టు గట్టిగా అప్పజెప్పాను. "యుద్ధ కాలంలో శత్రువుల విమానాలు కిందికి దిగకుండా, ఇనుప తీగలతో కట్టి ఊరి మీద ఎగరేసిన బెలూన్."