మీసాల బాలింత

మొన్న పొందూరు వెళ్ళే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకావిడ ఒళ్ళో రొట్టె పాకెట్టూ బత్తాయిల సంచీ ఉన్నాయి. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది, ఎవరో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఉంటారు, వీళ్ళు పలకరింపుకి వెళుతున్నారు. కాసేపటికి రెండో ఆవిడ గొంతు తగ్గించి, "మా తోటికోడలి అన్నకీ ఇలగే అయింది వదినా, పాపం, మరి మంచం మీంచి నెగనేదు" అంది. ఆ తగ్గించిన గొంతు డ్రైవరు దాకా వినబడింది. నేను ఉండబట్టలేక, "అమ్మా, ఆ మాటేదో ఇక్కడే దించేసి వెళ్ళండి, మంచం మీద ఉన్న మనిషి ముందు మాత్రం అనకండి" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, "మద్దిలో నీకేటి తాతా?" అంది. నాకేమిటో చెప్పాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి. ఆవిడకి వినే తీరిక లేకపోయింది గనక మీకు చెబుతున్నాను.

మా ఊరు పొందూరుకీ గరివిడికీ మధ్య, రైలుకట్ట దాపున ఉంటుంది. నాన్న పోయాక ఉన్న భూమి చెక్కని మేమిద్దరం పంచుకోలేదు. అందుకు అన్నదమ్ముల ప్రేమ ఒక కారణం, నాకు నాగలి పట్టడం చేతకాకపోవడం అంతకన్నా పెద్ద కారణం. చేసేదంతా వాడే. మనిషి తలుపు నిండా ఉంటాడు. మీసాలు రెండు పక్కలా పైకి తిరిగి ఉంటాయి, వాటికి రోజూ కొబ్బరినూనె పడాలి. ధాన్యం బస్తా భుజాన ఎత్తుకుని, దించకుండానే దారిలో ఎవరితోనైనా కబుర్లాడగల మనిషి. అలాంటివాడు గరివిడిలో పని చూసుకుని బండి మీద వస్తుంటే, ఎదురుగా తప్పు దారిన వచ్చిన వ్యాను గుద్దేసింది. అటుపక్క వెళ్ళాల్సినవాడివి ఇటు ఎందుకొచ్చావురా అంటే, ముందుకెళ్ళి తిరగాలంటే చుట్టవుతుందట! రోడ్డు వెడల్పు చేసింది బేగి వెళ్ళడానికి అన్నారు. ఎదుటివాడి తొడ విరగ్గొట్టి మరీ బేగి వెళ్ళే తెలివి మనకే ఉంది. దీని మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా నేను కోరుకోవడం లేదు.

తొడ ఎముక ముక్కలైంది, పక్కటెముకలు విరిగాయి, రక్తం చాలా పోయింది. విజయనగరం ఆసుపత్రిలో రక్తం కావాలనగానే మా ఊరి కుర్రకారు ఆటోలు కట్టించుకుని వచ్చి వాలారు. అందులో మా బావమరిది ఒకడు. "నా రక్తం ఎంతైనా తీసుకోండి, మా బావ బతకాల" అని ఛాతీ విరుచుకుని వెళ్ళి, సూది చూడగానే గోడకి జారిపోయాడు. వాణ్ణి లేపడానికి ఇద్దరు నర్సులు కావలసి వచ్చారు. ఇవాళ నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఆ వరండాలో నవ్వే స్థితిలో ఎవరూ లేరు. మా మరదలు, వాడి పెళ్ళాం, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, వచ్చేపోయే డాక్టర్ల చెప్పుల వంకే చూస్తూ ఉండేది, మొహాలు చూస్తే ఏం తెలుస్తుందోనని. మొత్తానికి తొడలో రాడ్డు వేశారు, గండం గడిచింది, ఇంటికి పంపారు. పంపేటప్పుడు బొమికల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. గుడ్లు, చేపలు, పప్పు బాగా పెట్టాలి, వాకరు పట్టుకుని రోజూ నిలబడాలి, అప్పుడే ఎముక అతుకుతుంది, కండ నిలుస్తుంది అని. నేను తల ఊపాను. నా పక్కనున్నవాళ్ళంతా ఊపారు. మా మేనత్త అక్కడ లేదు.

మా మేనత్త అంటే నాన్నకి అక్క. పుట్టింటికి తిరిగొచ్చి మమ్మల్ని పెంచిన మనిషి, ఇంటికి ఆవిడే హైకోర్టు. తొంభైకి దగ్గర పడినా తీర్పులో తడబాటు లేదు. తమ్ముణ్ణి ఆటోలోంచి దించీ దించగానే ఆవిడ పథ్యం విధించింది. పప్పు తింటే కుట్లలో చీము, వంకాయ దురద, గుడ్డు వేడి, చేప నీసు, గుమ్మడికాయ వాతం. అన్నీ తీసేయగా మిగిలింది చారన్నం, బీరకాయ, సన్నగా ఇంత పాత చింతకాయ పచ్చడి. డాక్టరమ్మ చెప్పింది నేను చెబితే, "ఆ డాక్టరమ్మ ఆడికి కుట్లేసింది గానీ ఆడిని పెంచిందేటిరా?" అంది. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇంక పలకరింపులు. మా వైపు మనిషి మంచం పడితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి, రాకపోతే తప్పు. వచ్చినవాళ్ళు రొట్టె పాకెట్టు మంచం కింద పెట్టి, కాలి కట్టు తడిమి, నిట్టూర్చి, మొదలుపెడతారు. ఒకాయన కాలు తీసేసిన తన మావ గురించి చెప్పాడు. ఇంకొకాయన, రాడ్డు లోపల తుప్పు పట్టిన వాళ్ళ ఊరి మనిషి గురించి చెప్పాడు. నవ్వుతూ తిరుగుతూనే ఉన్నట్టుండి సచ్చిపోనాడు అని ఒకావిడ చెప్పింది ఎవరి గురించో నాకిప్పుడు గుర్తు లేదు, వాడికి మాత్రం రాత్రంతా గుర్తుంది. ప్రేమతోనే వచ్చారు, ప్రేమతోనే చెప్పారు, అందుకే వాళ్ళని బయటికి గెంటడం నాకు చేతకాలేదు. ఒకవైపు ప్రేమతో తిండి మాన్పించారు, ఇంకోవైపు ప్రేమతో గుండె జార్చారు. తలుపు నిండా ఉండే మనిషి దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు అయిపోయాడు. మీసాలు కిందికి వాలిపోయాయి. వాకరు మీద మరదలు తువ్వాళ్ళు ఆరేసేది. నిలబడరా అంటే, "నన్నొగ్గీ అన్నియ్యా, నా పని అయిపోనాది" అని గోడవైపు తిరిగిపోయేవాడు.

మళ్ళీ చూపించడానికి తీసుకెళితే డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఆ తరువాత నన్ను చూసింది. ఎముక అతకడం లేదు, ఒంట్లో సత్తువ లేదు, ఇలాగే ఉంటే మళ్ళీ కోయాలి, కోసినా ఈయన తన కాళ్ళ మీద నిలబడతాడని నేను చెప్పలేను అంది. మెల్లగానే అంది. తిరుగు ప్రయాణంలో ఆటో ఊరి మొదట్లోకి రాగానే మరదలు, "బావగారూ, అత్తకి మీరే ఎలాగో సెప్పాల" అంది. ఆ సాయంత్రం నేను అరిచాను, బతిమాలాను, చివరికి అన్నం మానేస్తానన్నాను. "మానీ, నీకూ ఒళ్ళు తగ్గుతాది" అంది మా అత్త.

మర్నాడు పొద్దున్న చేపలావిడ వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఆటోలో గంపతో దిగి మా వీధులు తిరుగుతుంది. వాళ్ళమ్మ గంప మోసిన రోజుల నుంచీ తెలుసు. నన్ను బావా అంటుంది, నేను వదినా అంటాను, ఈ వరస ఎవరు కలిపారో ఎవరికీ తెలియదు. అరుగు మీద గంప దించి, "ఏటి బావా, మీ ఇంట్లో నీసు నిషేధవేటి? ముసిలమ్మ నన్ను గుమ్మం తొక్కనిస్తన్నాది కాదు" అంది. సంగతి చెప్పాను. నేరుగా లోపలికి వెళ్ళి, తమ్ముడి దుప్పటి కొస ఎత్తి చూసింది. తరువాత మా అత్త వైపు తిరిగింది.

"ముసిలమ్మా, ఈడికేటెడతన్నావు?"

"సారన్నం."

"సారన్నం తిని నెగిసిన మగోడిని నానెక్కడా సూడనేదు."

"కుట్లున్నాయే. నీసు తగిల్తే సీము పడతాది."

"నీ మనవరాలికి కానుపులో కోసి కుట్లెయ్యనేదా? అప్పుడు నా కాడ సొరసేప కొన్నావా నేదా?"

"అది బాలింతే! బాలింతకి సొర పెట్టాల, ఎల్లుల్లి కారం పెట్టాల. సావు గుమ్మం దాకా ఎల్లొచ్చిన మనిసి. దాని ఒళ్ళు కొత్తది, ఏటి పెట్టినా పడతాది."

"మరీడెక్కడికెల్లొచ్చాడు? సంతకా?"

మా అత్త మంచం వంక చూసింది. కానుపంటే ఆడదానికి మళ్ళీ పుట్టడమని ఆవిడే వందసార్లు అన్నది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచి, "అయితే పూర్తిగా సెయ్యాల. సగం బాలింత, సగం మగోడు అంటే కుదరదు" అని తీర్పు మార్చింది.

పూర్తిగానే చేసింది. మరదలు సొర ఉడికించి, తోలు తీసి, చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేస్తే ఇల్లంతా ఆ వాసన. అత్త స్వయంగా శొంఠీ మిరియాలూ వేసి బాలింతల కాయం దంచి ముద్ద చేసి నోట్లో పెట్టింది. చల్లనీళ్ళు బంద్, బీడీ బంద్. పొద్దుటా సాయంత్రం సాంబ్రాణి పొగ. చెవుల్లోకి గాలి పోకూడదని పాత చీర ముక్క తెచ్చి, తల చుట్టూ తిప్పి గడ్డం కింద ముడి వేసింది. ఆ గుడ్డ కిందనుంచి రెండు పక్కలా మీసాలు బయటికి వచ్చాయి. వాడు బిక్కమొహం వేసి, "ఓలమ్మా! అన్నియ్యా, నన్ను మల్లీ ఆస్పత్రికి తోలీ" అన్నాడు. మరదలికి నవ్వాగలేదు. దాన్ని చూసి వాడూ నవ్వాడు. పక్కటెముకలు పట్టుకుని, అబ్బా అమ్మా అంటూ నవ్వాడు. ప్రమాదం జరిగాక ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు. నేను అవతలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

ఊరికి ఈ కబురు చేరడానికి ఎంతసేపు? రోడ్డు ప్రమాదంలో పడ్డవాడికి ఏం చెయ్యాలో మా ఊరి ఆడవాళ్ళకి తెలియక రొట్టె పాకెట్లు తెచ్చారు గానీ, బాలింతకి ఏం చెయ్యాలో వాళ్ళకి ఒకరు నేర్పాలా! ఒకరు నువ్వుండలు తెస్తే ఒకరు మెంతికూర, ఒకరు నాటుకోడి గుడ్లు. వంతులు వేసుకున్నారు. "బాలింత ఎలగున్నాడు?" అని వీధిలో నన్ను అడిగేవారు, వాడి పేరు మానేసి అదే మాట. అంతకన్నా మేలు ఇంకొకటి జరిగింది. బాలింత ఉన్న గదిలో చెడ్డ కబురు చెప్పకూడదని మా వైపు కట్టడి. కాలు తీసేసిన మావ కథ చెప్పినాయన మళ్ళీ వచ్చి, "మా మావకి పాపం..." అని అందుకోగానే మా అత్త మూలనుంచి, "ఒరే, బాలింత గదిలో సావు కబుర్లేటి? నెగు!" అంది. ఆయన లేచాడు. అరుగు మీద కూర్చుని, చెప్పడానికి ఇంకేమీ లేక, మా తమ్ముడికి బదులు మా మళ్ళకి నీళ్ళు పెట్టి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆయనలో ఇంత మంచి మనిషి ఉన్నాడని నాకు తెలియదు.

తినగా తినగా మా తమ్ముడి బుగ్గలు నిండాయి. కాని నిలబడడానికి మాత్రం భయం. కాలు నేల మీద పెడితే ఫెళ్ళున విరుగుతుందని కలలొచ్చేవట. అక్కడా మా అత్త శాస్త్రమే అక్కరకొచ్చింది. బాలింత నూతి దగ్గరికి నడిచి వెళ్ళి, గట్టుకి పసుపు రాసి, చేద వేసి నీళ్ళు తోడితేనే పథ్యం విడుస్తుంది. అప్పటిదాకా తలగుడ్డ తీయరాదు, బీడీ ముట్టరాదు. "నా పిల్లల్ని కన్నప్పుడు నాను తోడనేదా? తోడకపోతే ఆ గుడ్డతోనే ఉండు, నాకేటి" అంది మరదలు. తలగుడ్డ ఒక ఎత్తు, బీడీ ఒక ఎత్తు. వాకరు మీది తువ్వాళ్ళు దండెం మీదికి వెళ్ళాయి. పొద్దున్నే ఇద్దరు చెరో పక్కా నిలబడితే, పళ్ళు బిగబట్టి లేచేవాడు. మొదట మంచం పక్కన, తరువాత గుమ్మం దాకా, తరువాత అరుగు దాకా. నేను విజయనగరం వెళ్ళి డాక్టరమ్మని, నూతి దాకా నడవనివ్వొచ్చా అని అడిగాను. "నూతికైనా సంతకైనా, వాకరుతో నడిస్తే చాలు తాతగారూ" అంది.

ఇంటింటికీ కుళాయిలొచ్చాక మా నుయ్యి ముఖం చూసినవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ముందురోజే గట్టు కడిగి, ఎవరింట్లోనో అటక మీద ఉన్న చేద దింపించారు. ఆ పొద్దున్న వీధి వీధంతా అక్కడే ఉంది. సూది చూసి పడిపోయిన బావమరిది దారిలో రాళ్ళు ఏరుతూ ముందు నడిచాడు. తమ్ముడు వాకరు ఎత్తి వేస్తూ, ఆగుతూ, చెమటలు కారుతూ వస్తుంటే జనం పక్కకి జరిగి దారిచ్చారు. మా అత్త పసుపు గిన్నె పట్టుకుని నూతి పక్కన నిలబడింది. చేపలావిడ గంప ఎక్కడో వదిలేసి వచ్చి, "దాటీరా బావా, ఇంకొక్క రవ్వ!" అని అరిచింది. గట్టు చేరాడు. ఒక చేత్తో గట్టు పట్టుకుని, పసుపు రాసి, చేద వదిలాడు. నీళ్ళలో చప్పుడైంది. నేను వెనకనుంచి పట్టుకోబోతే, "ఒగ్గీ అన్నియ్యా, నాను నిలబడతన్నాను" అన్నాడు. అదే మాట, ఒగ్గీ అనడం. కాని ఈసారి గోడవైపు తిరగలేదు. సగం నిండిన చేద పైకి వచ్చింది. మా అత్త దోసిలి పట్టి తాగి, తలగుడ్డ ముడి తనే విప్పింది.

ఎముక అతికింది. నా మందులు పనిచేశాయంది డాక్టరమ్మ. నా పథ్యం అంది మా అత్త. నా సొర అంది చేపలావిడ. నేను ఎవరితోనూ వాదించలేదు, నాకది చాలా అరుదు. వాడు కొంచెం ఒరిగి నడుస్తాడు గానీ మళ్ళకి వెళ్ళొస్తున్నాడు. ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఎంతకీ తెల్లారని ఆ నెలలు, ఇవాళ చెప్పబోతే ఒక పూట కబురైపోయాయి. గడవనప్పుడు కాలాన్ని ఎంత తిట్టుకున్నానో, ఇంత చిన్నగా ముడుచుకుపోయినందుకు ఇప్పుడు దానికి అంతగానూ దణ్ణం పెట్టుకుంటున్నాను.