గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ ఆగిన మధ్యాహ్నం

చీరాలలో మేముండేది మేడ మీద రెండు గదుల పోర్షన్. ముందు గదిలో ఒక గోడకు మామయ్యగారి మంచం, ఎదుటి గోడకు నా కంప్యూటర్ బల్ల. ఆ కంప్యూటర్ మా మరిదిది. ఆటలాడుకోవడానికని ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లేటప్పుడు, "టైపింగ్‌కి పనికొస్తుంది, ఉంచుకో వదినా" అని వదిలేసి వెళ్లాడు.

రైతులు ఒక సలహా కేంద్రానికి ఫోన్ చేసి చెప్పుకున్న మాటల్ని విని, టైపు చేసి పంపడం నా పని. దానికి అంత పెద్ద మిషను అక్కర్లేదు. నేను కొట్టేది నాలుగు ముక్కలు. అయినా లోపల స్క్రీన్ మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డుకి ఉన్న రెండు చిన్న ఫ్యాన్లు, ఆన్ చేసింది మొదలు గుయ్‌మంటూనే ఉండేవి. డబ్బా వెనక నుంచి వచ్చే వేడి మోకాళ్లకు కొట్టేది. ఏప్రిల్ ఉక్కకు అది తోడు. మధ్యాహ్నానికి హెడ్‌ఫోన్ల కింద చెవులు చెమటతో నానిపోయేవి.

మామయ్యగారికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆయన వయసంతా పవర్‌లూమ్ షెడ్డులో గడిచింది. ఆ మగ్గాల మోతకు వినికిడి సగం పోయింది. ఈ కంప్యూటర్ గోలలోనే హాయిగా నిద్రపోయేవారు.

ఒకరోజు నేను పంపినవి సరిచూసే మేడమ్ ఫోన్ చేశారు.

"ఏమండీ, ఆ మిరప రైతు కాల్‌లో 'తోట పూసిందండి' అని కొట్టారు. ఇంకోసారి వినండి."

ఆ రికార్డింగ్ ఫోన్‌లోకి ఎక్కించుకుని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని విన్నాను. "నల్ల తామర పురుగండీ. మందు కొట్టి కొట్టి విసుగొచ్చేసింది. మొన్న తోట పీకేశానండి." తర్వాత ఆయన ఊపిరి వినపడుతోంది. కంప్యూటర్ దగ్గర నాకు ఆ ఊపిరి వినపడలేదు. ఎండకు మెట్లు కాలుతున్నా వెంటనే లేవబుద్ధి కాలేదు.

రిపేరు షాపుకు తీసుకెళ్తే దుమ్మంతా ఊది, "కార్డు పాతదైపోయిందండీ, కొత్తది వేయించుకోండి" అన్నారు. ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే గోల. ఇంక దాన్ని తిట్టుకునే ఓపిక కూడా పోయింది.

ఆ వారంలోనే మరిది వాళ్ల నాన్నతో మాట్లాడదామని ఫోన్ చేశాడు.

"వదినా, వెనకాల ఆ శబ్దమేంటి? మిక్సీ వేశావా?"

"నీ కంప్యూటరే నాయనా."

"ఊరికే టైపు చేస్తుంటే అంత గోలేంటి? రెండో స్క్రీన్ ఏమన్నా తగిలించారా?"

"మీ అన్నయ్య ఆఫీసులో తీసేస్తుంటే తెచ్చారు. ఒకదాంట్లో వింటా, ఒకదాంట్లో కొడతా."

"అదీ సంగతి. నా స్క్రీన్ ఆటల కోసం సెకనుకు నూట నలభై నాలుగుసార్లు బొమ్మ మార్చేట్టు పెట్టా. పక్కన ఇంకోటి చేరితే కార్డుకి ఇంక రెస్టుండదు. దాన్ని అరవైకి దించెయ్. ఆ డ్రాగన్ వాల్‌పేపర్ కూడా తీసెయ్."

అతను ముచ్చటపడి పెట్టుకున్నది కదా అని ఆ డ్రాగన్‌ని నేను అప్పటిదాకా ముట్టుకోలేదు. నా టైపింగ్ వెనకాల అది రోజంతా మంటలు కక్కుతూనే ఉండేది. అతను ఒక్కొక్కటీ చెబుతుంటే సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాను. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ వచ్చింది. మామయ్యగారు నిద్రలో ఉన్నారని చెప్పి ఫోన్ పెట్టేశాను. కాసేపు తేడా ఏమీ కనపడలేదు. తర్వాత శబ్దం సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది.

మామయ్యగారు ఉలిక్కిపడి లేచారు.

"ఏమ్మా, కరెంటు పోయిందా?"

"లేదు మామయ్యగారూ, కంప్యూటర్లో ఫ్యాన్ ఆగింది," అని గట్టిగా చెప్పాను.

"షెడ్డులో మగ్గాలు ఆగితే ఇట్టాగే మెలకువొచ్చేది," అని మంచం మీదే కూర్చుండిపోయారు.

ఆ రోజు నుంచి ఆయనకు మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, "ఏమంటున్నాడమ్మా?" అని అడిగేవారు. రైతు చెప్పింది ఆయన చెవిలో మళ్లీ అరిచి చెప్పాల్సి వచ్చేది. "పాపం" అనేవారు. రెండు నిమిషాలకు మళ్లీ అడిగేవారు. పని సాగేది కాదు. ఆయనను విసుక్కోవడానికీ మనసొప్పేది కాదు.

చివరికి అటక మీద పడేసిన పాత టేబుల్ ఫ్యాన్ దింపి, ఆయన తల దగ్గర పెట్టాం. అది తిరిగితే గడగడలాడుతుంది. మొదటి రోజే ఆయనకు కునుకు పట్టింది. నా బల్ల లోపలి గదిలోకి మారింది.

ఆ గదికి కిటికీ లేదు కానీ, కంప్యూటర్ ఇప్పుడు వేడెక్కదు. రైతుల గొంతులు స్పష్టంగా వినపడుతున్నాయి. దగ్గులు, పొలంలో గాలి, "ఇంక చాల్లే, అన్నానికి రా" అని వెనక నుంచి భార్య పిలవడం కూడా. మేడమ్ మళ్లీ ఫోన్ చేయలేదు. అవన్నీ విని విని, సాయంత్రం అయ్యేసరికి మాత్రం నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.