శుక్రవారం సాయంత్రం హలో

మా చిన్నప్పుడు... శుక్రవారం స్కూలు వదలగానే సత్యవేణి తన ఇంటికి కాకుండా మా ఇంటికే వచ్చేది. పుస్తకాల సంచీ గుమ్మం పక్కన పడేసి, హాల్లో ఫోను బల్ల కింద మఠం వేసుకుని కూర్చునేది.

పాలకొల్లు పక్కన పల్లె మాది. నాన్నకు ఎరువుల కొట్టు ఉండబట్టి మా వీధిలో మొదటి ఫోను మాకే వచ్చింది... ఎర్రది. దాని మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ. వీధిలో అందరూ మా నెంబరే రాసుకుని పక్కన పి.పి. అని, అంటే పక్కింటి ఫోనని, పెట్టుకునేవారు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన సత్యవేణి వాళ్ళమ్మ మంగత్త కూడా ఆ నెంబరుకే చేసేది. అక్కడ సెలవు శుక్రవారం కదా...

ఇంగ్లీషు మాస్టారు మాకు హలో అంటే పలకరింపు అని చెప్పారు, మన నమస్కారం లాంటిదన్నమాట. నేను నమ్మలేదు. మా వీధిలో ఎదురుపడ్డ మనిషిని హలో అంటే వెటకారమే. పరధ్యానంగా ఉన్నవాళ్ళని “హలో, ఎక్కడున్నారండీ” అనేవారు. పెళ్ళిపందిట్లో మైకువాడు అది పలుకుతుందో లేదో అని హలో అనేవాడు. ఇక ఫోనులో అయితే సరేసరి... నాకు తెలిసినంతలో అది కనపడని మనిషిని ఉన్నావా అని అడిగే మాట.

ఆ ఏడు వానాకాలం మొదట్లో మంగత్త ఫోన్లు ఆగిపోయాయి. ఉత్తరం లేదు, కబురు లేదు. పంపించిన ఏజెంటు బాగానే ఉందంటాడు తప్ప మాట్లాడించడు. పెద్దవాళ్ళు సత్యవేణిని చూడగానే గొంతు తగ్గించేవారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది, పిల్లకి చెవుల్లేవనుకున్నారా ఏంటి... దానికి కావలసింది ఒక్కటే, వాళ్ళమ్మ బతికి ఉందని తెలియడం.

ఒక శుక్రవారం ఫోను మోగింది. ఒక్కసారే. సత్యవేణి ఎత్తి “హలో” అంది. చాలాసేపు విని, మెల్లిగా పెట్టేసి, వాళ్ళమ్మ హలో అందని చెప్పింది. ఇంకేమంది అని అడిగితే ఇంకేమీ అనలేదంది.

మరుసటి శుక్రవారం కూడా మోగింది. ఈసారి నేనూ దాని చెంపకు చెంప ఆనించి విన్నాను. హోరు... సముద్రం ఒడ్డున నిలబడినట్టు. సత్యవేణి అన్న హలో ఆ హోరులోకి పోయింది. కాసేపటికి ఒక హలో తిరిగొచ్చింది. దూరదేశం లైన్లలో మన గొంతే మనకి వినపడుతుందని రాత్రి అన్నాల దగ్గర నాన్న చెప్పారు. హమ్మయ్య, అంతేనా అనుకున్నాను.

ఆ తర్వాతి వారం గాలివాన కొట్టింది. కాలవ గట్టు మీద స్తంభాలు ఒరిగిపోయాయి, కరెంటు లేదు, ఫోను మూగబోయింది. అయినా శుక్రవారం సత్యవేణి తడుచుకుంటూ వచ్చింది. ఫోను పనిచెయ్యట్లేదే అని అమ్మ చెబుతూనే ఉంది... అది వినకుండా ఎత్తి “హలో” అంది.

ఏడిపిద్దామని నేనూ చెవి ఆనించాను. హోరు లేదు. ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలోంచి హలో వచ్చింది... సత్యవేణి గొంతు కాదు. ఎవరో ఆడమనిషి గొంతు, అలసిపోయి, ఎవరికీ వినపడకూడదన్నట్టు చాలా చిన్నగా. నేను వంటింట్లోకి పరిగెత్తి అమ్మ కొంగు పట్టుకున్నాను. ఎందుకో చెప్పలేకపోయాను. సత్యవేణి మాత్రం లేసు గుడ్డ సర్ది ఇంటికి వెళ్ళిపోయింది.

మంగత్త మరుసటి వేసవిలో తిరిగొచ్చింది. సగమైపోయింది మనిషి. సత్యవేణిని వెంటబెట్టుకుని మమ్మల్ని చూడ్డానికి వస్తే, ఫోను చేసి కూడా హలో తప్ప ఒక్క ముక్కైనా మాట్లాడలేదేమని అమ్మ నిష్ఠూరమాడింది.

“నేనెక్కడ చేశాను వదినా? ఆ ఇంట్లో ఫోనున్న గదికి తాళమేసుకునేవారు.”

అమ్మ నా వంక చూసింది. మంగత్త గొంతు తగ్గించి చెప్పింది.

“కానీ శుక్రవారం శుక్రవారం మేడ మీద బట్టలారేస్తుంటే, మా సత్య హలో అన్నట్టు చెవిలో వినపడేది. పిచ్చిదాన్ననుకుంటారని... నేనూ మెల్లిగా హలో అనేదాన్ని.”

అమ్మ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. సత్యవేణి ఒక్కతే ఆశ్చర్యపోలేదు. వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, “నేను చెప్పేను కదత్తా, అమ్మేనని” అంది.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఎవరు చేస్తున్నారో పేరు, బొమ్మతో సహా ముందే తెలిసిపోతుంది... “ఆ, చెప్పు” అనేస్తున్నాం. అవతల ఎవరున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియకుండా మన గొంతుని పంపించి, ఊపిరి బిగబట్టి ఎదురుచూడడం పోయింది. నాకు ఆ ఎదురుచూపు మీదే బెంగ...

మీ ఇంట్లో మొట్టమొదట హలో అన్నది ఎవరండీ? గుర్తుంటే రాయండి... అవతలి నుంచి పలికింది ఎవరో కూడా.