బోర్ల, ఎల్లకిల

పెనుకొండలో ఒక పాత గ్రంథాలయం మేడమీద చిన్న గదిలో ధర్మవరం నేతగాళ్ల కోసం ఒక సర్వర్ ఉంది. సర్వర్ అనగానే అద్దాల గది, చల్లగాలి ఊహించుకోవద్దు. అది మామూలు కంప్యూటరే. దుమ్ము పడకుండా పైన కప్పిన గుడ్డ నేను కుట్టిందే. దాని నిండా చీర అంచుల గ్రాఫులు ఉంటాయి, చిలకలు, మామిడి పిందెలు, గోపురాలు. ఎవరైనా తమ డిజైన్ అందులో పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకున్న గ్రాఫు ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించి, జకార్డు మగ్గానికి తగిలించి నేస్తారు. దాన్ని ఇద్దరం కలిసి పెట్టాం. ఇప్పుడు చూసుకునేది నేనొక్కదాన్నే.

నేను హిందూపురంలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఒంటరిగా ఉంటాను. ఎవరి మీదా ఆధారపడను అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒకరోజు నెట్ లైను ఇచ్చేవాళ్లు ఫోన్ చేశారు. మిషన్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ బాగా పాతబడిందని, దానికి రక్షణ అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయిందని, నెలాఖరులోగా కొత్తది వెయ్యకపోతే లైను తీసేస్తామని చెప్పారు. అందులో వాళ్ల తప్పేం లేదు. అయితే లైను పోతే డిజైన్లు పెనుకొండ గదిలో, నేతగాళ్లు ధర్మవరంలో. నెలాఖరుకు నాలుగు ఆదివారాలు ఉన్నాయి. పని చెయ్యగలనన్న ధైర్యం నాకుంది. మధ్యలో, నాతో కలిసి దీన్ని పెట్టిన ఆమెను అడగాల్సి వస్తుందేమోనన్నదే భయం.

ఆమె ధర్మవరంలో గ్రాఫులు గీసే మనిషి. నేతవాళ్ల ఇంటి పిల్ల, నాకంటే ఆరేళ్లు చిన్న. నా దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, ఏడాది తిరక్కుండా నాకు నేర్పే స్థాయికి వచ్చింది. సర్వర్‌లో డిజైన్లు తెరిచి చూపే ప్రోగ్రామ్ మొత్తం ఆమె రాసిందే. అందులో ఏదైనా ఫైలు దొరక్కపోతే తెర మీద "యాడా కనపల్యా, ఇంగోసారి చూడు" అని వచ్చేది. నేతగాళ్లు అది చదివి నవ్వుకుని ఇంకోసారి చూసేవాళ్లు.

ఆ వాక్యం నాకు గిట్టేది కాదు. మా ఇంట్లోనూ అదే మాట. మా నాయన చివరిదాకా "ఉండాది" అనే అన్నాడు. కానీ టీచర్ ట్రైనింగ్‌లో నేను నోరు తెరిచిన మొదటి రోజే క్లాసంతా నవ్వింది. మరుసటి రోజు నుంచి పుస్తకం మాట పట్టుకున్నాను. అందుకే ఒకసారి పట్నం నుంచి సర్వర్ చూడ్డానికి కొందరు వస్తున్నారని తెలిసి, ముందు రోజు కూర్చుని ఆమె రాసిన మాటలన్నీ మార్చేశాను. "ఫైలు లభ్యం కాలేదు, దయచేసి మళ్లీ ప్రయత్నించండి." డిజైన్ల పేర్లు కూడా శుభ్రం చేశాను. చాలా పేర్ల చివర "బోర్ల" అనో "ఎల్లకిల" అనో ఉండేది. కాగితాన్ని స్కానర్‌లో ఎలా పెట్టిందో గుర్తు రాసుకుందనుకున్నాను. స్కాన్ అయిపోయాక ఇంకా ఎందుకని అన్నీ కొట్టేశాను.

మర్నాడు వచ్చినవాళ్ల ముందే ఆమె తెర చూసింది. వాళ్లలో ఒకాయన భాష బాగుందని మెచ్చుకున్నాడు. "మొదట్లో పల్లెటూరి మాటలుండేవండీ, నేనే సరిచేశాను" అన్నాను. వాళ్లు వెళ్లాక ఆమె నన్ను ఒకే మాట అడిగింది.

"నా మాట నీకు అంత నామోషీనా అక్కా?"

కాదు అంటే సరిపోయేది. తప్పును తప్పు అంటే ఉలుకెందుకు అన్నాను. సంచి తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. తరవాత మూడేళ్లు మా మధ్య మాటల్లేవు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు కనపడుతూనే ఉంది, ఒప్పుకోవడానికే నోరు రాలేదు.

మొదటి ఆదివారం పొద్దున పాసింజరు పట్టుకుని పెనుకొండ వెళ్లాను. పాతదంతా ఒక డిస్కులోకి కాపీ తీసి పెట్టుకుని కొత్త సిస్టమ్ ఎక్కించాను. అంతవరకూ సాఫీగానే సాగింది. ఆమె ప్రోగ్రామ్ పెట్టగానే మిషన్ మొరాయించింది. అది రాసిన భాష పాత రకం, కొత్త సిస్టమ్‌లో లేదు. పైగా ఆ ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములు మరికొన్ని ఉన్నాయి. వాటిని ఎవరెవరో రాసి ఎప్పుడో వదిలేశారు. ఇది లేదు, అది లేదు, ఇది దాని మీద ఆధారపడింది అంటూ తెర నిండా జాబితా వచ్చింది. ఎవరి మీదా ఆధారపడని నేను దాన్ని చదువుతూ కూర్చున్నాను.

ఆ ఆదివారం, తరవాతి ఆదివారం ఆమె ప్రోగ్రామ్‌ను వరస తరవాత వరస కొత్త భాషలోకి తిప్పి రాశాను. మూడేళ్ల తరవాత ఆమెతో అంతసేపు గడపడం అదే. ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆగి ఆలోచించిందో వరసలు చూస్తే తెలిసిపోయేది. మధ్యలో నాకోసం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన గుర్తులు తగిలేవి. "ఇది నువ్వు చెప్పిండేదే అక్కా, బాగా పనిచేస్తాండాది." ఇంకోచోట, "ఈడ చెయ్యి పెట్టేముందు నన్నడుగు." ఆ రెండోదాని దగ్గర చాలాసేపు ఆగాను. అక్కడ పాత తెలుగు ఫాంటు అక్షరాలను ఇప్పటి అక్షరాల్లోకి మార్చే ఒక చిన్న ప్రోగ్రామ్‌ను పిలుస్తోంది. దాన్ని రాసినవాళ్లు వదిలేసి ఏళ్లయింది, కొత్త సిస్టమ్ దాన్ని ఎలాగూ రానివ్వదు. అది చదివే ఫైలు తెరిస్తే నిండా పిచ్చి గీతలే, ఒక్క అక్షరం అర్థం కాలేదు. పేర్లన్నీ నేనే శుభ్రంగా మార్చాను కదా, ఇక పాత ఫాంటుతో పనేమిటనుకున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. అడగలేదు. ఆ వరస తీసేశాను.

ప్రోగ్రామ్ నడిచింది. డిజైన్లన్నీ తెరుచుకున్నాయి. గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. ఆ చప్పుడు నాకే బాగాలేదు.

మూడో ఆదివారం పెనుకొండలో దిగకుండా నేరుగా ధర్మవరం వెళ్లాను. మొదటి నుంచీ మా డిజైన్లు వాడే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన నేసిన చిలకల అంచు గ్రాఫు కొత్త సిస్టమ్ నుంచి తీసి, అచ్చు వేయించి పట్టుకెళ్లాను. ఆయన మగ్గం గుంటలో కూర్చునే కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"ఏమ్మా, చిలకలు కొంగు మీద అలిగి పోతాండాయే?"

అర్థం కాలేదన్నాను.

"చిలక కొంగు దిక్కు చూడల్ల. ఇది ఈపు తిప్పుకొనుండాది. మా మగ్గం బోర్ల కదమ్మా. చీర మొకం కిందికుంటాది. గ్రాఫు తిప్పి ఇయ్యల్ల. ఎదురింటాయనది ఎల్లకిల, ఆయనకి తిప్పే పన్లేదు. ఇన్నాళ్లూ సరిగ్గానే వస్తాన్యాయి కదా."

కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ చూశాను. బోర్ల అంటే స్కానర్‌లో కాగితం కాదు, మగ్గం మీద చీర. ఏ డిజైన్ ఏ రకం మగ్గానిదో, దేన్ని తిప్పి ఇవ్వాలో, దేన్ని తిప్పకూడదో ప్రోగ్రామ్‌కు ఆ మాటే చెప్పేది. అది పల్లెటూరి మాటని మూడేళ్ల కిందటే నేను తుడిచేశాను. మరి ఈ మూడేళ్లూ చిలకలు సరిగ్గా ఎలా చూశాయి?

ఆ మాట పైకే అన్నట్టున్నాను. పెద్దాయన మళ్లీ మగ్గం మీదికి వంగుతూ చెప్పాడు. "నీతో ఉన్న ఆయమ్మ మూడేండ్ల కిందట వచ్చిపోయెనే. ఏదో చెడిపాయ, మళ్లా రాసుకోవల్ల అనె. ఇంటింటికీ తిరిగి, నీది బోర్లనా, ఎల్లకిలనా అని అడిగి రాసుకొని పాయ. ఎండలో తిరుగుతాంటే మా ఇంట్లోనే మజ్జిగ తాగె."

మధ్యాహ్నం రైలుకే పెనుకొండ వచ్చి డిస్కు తెరిచాను. నేను చెత్త అనుకున్న ఆ పిచ్చి గీతల ఫైలు తేదీ చూశాను. మేం మాటలు మానేసిన పదకొండో రోజు. తెలుగు అక్షరాలు కొట్టాలంటే డీటీపీ షాపులో నేర్చుకున్న పాత ఫాంటు కీబోర్డు తప్ప ఆమె వేళ్లకు మరొకటి రాదు. నేను పెట్టిన పేరు ఒక పక్క, దాని ఎదురుగా బోర్లనా ఎల్లకిలనా అన్నది, ఒక్కొక్కటే కొట్టిందన్నమాట. నా తప్పును నలుగురిలో చెప్పకుండా, నాకూ చెప్పకుండా, ఇంటి నుంచే సర్వర్‌లోకి వచ్చి దిద్ది, ఆ పక్కనే తనను అడగమని రాసి పెట్టి పోయింది. నేనది మూడేళ్లు చదవలేదు. చదివాక కూడా తీసి పారేశాను. సిగ్గేసింది. ఆ తరవాత ఏడుపొచ్చింది, చాలాసేపు ఆగలేదు.

ఆ జాబితా చదవాలంటే అది ఏ ఫాంటో తెలియాలి. నాకు తెలిసినవన్నీ వారమంతా పెట్టి చూశాను. సగం అక్షరాలు వచ్చేవి, సగం వచ్చేవి కావు. ఇంటింటికీ తిరిగి మళ్లీ అడగడానికి రోజులు లేవు. నాలుగో ఆదివారం పొద్దున గదిలో కూర్చుని ఫోన్ చేశాను. క్షమించు అన్న మాట దారిలో రైల్లోనే అనుకుని పెట్టుకున్నాను.

రెండు రింగులకే ఎత్తింది. నేనెవరో చెప్పబోయాను.

"తెలుసండీ, మీ నంబరు ఉంది. చెప్పండి" అంది.

గొంతు ఆమెదే. నేను విషయం చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. ఫాంటు పేరు చెప్పింది. అందులో రెండు అక్షరాలు తారుమారుగా ఉంటాయని, వాటిని ముందే సరిచూసుకోవాలని చెప్పింది. "జాబితా చివర నాలుగు పేర్లు సందేహంగా ఉన్నాయండీ. ఆ మగ్గాలు ఇప్పుడు మారి ఉండవచ్చు. ఒకసారి వారిని విచారించండి" అంది. ఆమె చెప్పినట్టే చేస్తూ పోయాను. జాబితా తెరుచుకుంది. చిలకలు తెర మీద కొంగు వైపు తిరిగాయి. లైను పోదు, డిజైన్లు పోవు. తిరిగాయి అని చెప్పాను.

"సంతోషమండీ" అంది.

అప్పటికి ఆమె ఎన్ని మాటలు మాట్లాడిందో. వాటిలో ఒక్క యాడ లేదు, ఒక్క ఉండాది లేదు. ఒక్క అక్కా లేదు. వార్తలు చదివేవాళ్లలా ఒక్క తప్పు లేకుండా మాట్లాడింది. అనుకుని పెట్టుకున్న క్షమాపణ ఆ తెలుగు ముందు నోట్లోనే ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి. ముప్పై ఏళ్లుగా నా నోట్లోకి రానిది, మా ఇంటి మాట, దానంతటదే వచ్చింది.

"ఎట్లుండావే?" అన్నాను.



"బాగున్నానండీ. మీరు బాగున్నారా?"

బాగున్నానన్నాను.