ఆరని మిరపకాయలు, పన్నెండింటి కాయిన్

మార్చి నెల రెండో మంగళవారం, పొద్దున పదిన్నర దాటి ఐదు నిమిషాలైంది. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, నా తమ్ముడు బండి దిగుతూనే ఫోన్ తెచ్చి నా మొహానికి ఆనించాడు.

"చూడక్కా, పదీ ముప్పై ఐదు. పన్నెండింటికి లేస్తుంది. ఈలోపు కాయలు ఎత్తించాలి" అన్నాడు.

ఆ పన్నెండు కొట్టేలోపే వాడి కంట్లో కారం కొట్టింది నేనే. ఊళ్లో ఒకళ్లు ఒకటి చెబితే ఇంకొకళ్లు ఇంకోటి చెబుతున్నారు కాబట్టి నేనే రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. మా చర్చి పాస్టరమ్మగారు పాటల పుస్తకం ముందు పెట్టి నేర్పింది. రాతలో తప్పులుంటే చదువుకున్నవాళ్లు దిద్దుకోండి. జరిగినదాన్ని మాత్రం దిద్దొద్దు.

సత్తెనపల్లి అవతల నేనూ తమ్ముడూ కలిసి మూడెకరాలు కౌలుకి చేస్తున్నాం. నా మొగుడు పోయి పదకొండేళ్లు. మిర్చిలో సగం నాది, సగం వాడిది. ఆ రోజు కళ్లంలో ఉన్నది రెండో కోత. ఆ కోతే మా ఏడాది. అది పోతే వచ్చే ఏడు కౌలు లేదు, కౌలు లేకపోతే మళ్లీ ఇంకొకళ్ల చేలో కూలికి వంగాలి. అరవై దాటిన నడుము ఇంక వంగదు. నా గొడవంతా అదొక్కటే.

తప్పు వాడొక్కడిదే అని చెప్పను. చలికాలంలో వాడు ఫోన్లో క్రిప్టో కాయిన్ కొన్నప్పుడు నేనే నా గొర్రెపోతుని అమ్మి డబ్బు చేతిలో పెట్టాను. "ఏంట్రా ఇది?" అంటే, "కోల్డ్ స్టోరేజీలో కాయ పెట్టినట్టే అక్కా, రేటు వచ్చిందాకా ఉంచటం, వచ్చాక తీయటం" అన్నాడు. ఆ ముక్క నాకు బాగా ఎక్కింది. మిరపకాయ అమ్ముడుపోకపోతే దంచుకుని తింటాం, దీన్నేం చేసుకుంటామని ఒక్కసారి కూడా అడగలేదు. మచ్చు తీసి, కాయ విరిచి, గింజ గలగలలాడుతుందో లేదో చెవి దగ్గర పెట్టుకుని చూడకుండా ఒక్క బస్తా కొనని జాతి మాది. దాన్ని మాత్రం ఏమీ విరవకుండానే కొన్నాం.

పదిహేను రోజుల్లో అది మూడింతలైంది. వాడు వేటమాంసం తెచ్చాడు. నేను ప్రార్థన కంటే ముందు ఫోన్ చూడటం మొదలుపెట్టాను. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. తర్వాత ఒక ఆదివారం, పాస్టరుగారు వాక్యం చెబుతుండగా అది పడటం మొదలైంది. వాడు చర్చిలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. వేప చెట్టు కింద నిలబడి మొత్తం అయినకాడికి అమ్మేశాడు. వారం తిరక్కుండానే అది మళ్లీ ఎక్కింది. ఆ రోజు వాడు పంపుషెడ్డు గోడకి తల కొట్టుకున్నాడు. నుదురు పగిలి రక్తం ముక్కు మీదికి కారింది. మరదలు కొంగు పెట్టి అదిమితే దాన్ని ఒక్క తన్ను తన్నాడు.

భయంతో అమ్మినవాడికి తర్వాత కసి పుడుతుంది. కసితో కొనేవాడికి కళ్లుండవు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, నా తమ్ముణ్ణి చూసి తెలుసుకున్నాను.

ఇక మంగళవారం సంగతి. వాడి ఫోన్లో మెసేజీల గుంపు ఒకటి ఉంది. అందులో మొహం కూడా చూపించని ఎవడో, కొత్త కాయిన్ పన్నెండింటికి లేస్తుంది, వెనకపడ్డవాళ్లు ఏడుస్తారు అని పొద్దున్నించీ గంట గంటకీ కేకలు వేస్తున్నాడు. వాడి కేకల మధ్య రాకెట్ బొమ్మలు. తమ్ముడు అప్పటికే చేతిలో ఉన్నది అందులో వేశాడు, ఇంకా వేయాలి. అందుకని పక్క ఊరి దళారిని, ఇద్దరు హమాలీలని, ఒక మినీ లారీని వెంటబెట్టుకుని వచ్చాడు.

కాయ పరిచి నాలుగు రోజులే. ఇంకా మెత్తగానే ఉంది. పిడికిట్లో నొక్కితే చెమ్మ తగులుతుంది. దాన్ని బస్తాకెత్తితే లోపల బూజు పడుతుంది. దళారికి అది తెలుసు, అందుకే సగానికి సగం రేటు చెప్పాడు.

"ఏమయ్యా, నువ్వు మనిషివేనా? ఇది ఎత్తే కాయా?" అని అడిగాను.

"నాకెందుకు పెద్దమ్మా, మీ తమ్ముడే ఇమ్మంటున్నాడు. అక్కాతమ్ముళ్లు మీరూ మీరూ తేల్చుకోండి, నేను బీడీ కాల్చుకుంటా" అని పక్కకెళ్లి కూర్చున్నాడు.

"ఒరేయ్, కోసిన కాయని మూడు రోజులు కుప్పేసి మగ్గబెడతామే, రంగు తిరిగిందాకా పరవం కూడా పరవమే! నీ బుద్ధిని ఒక్క పూట మగ్గబెట్టలేవా? రేపు పొద్దుటికీ ఇదే మాట అంటే నేనే ఎత్తిస్తా" అన్నాను.

"రేపు ఏముంటుందే? గంటలో అయిపోద్ది. ముసలిదానివి, నీకేం తెలుసు? సున్నాలు లెక్కపెట్టటం రాదు నీకు!"

"నాకు రాదురా. నీకొచ్చు కాబట్టేగా ఆ ఆదివారం అమ్ముకున్నావ్!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడు నా భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. నేను కాయల మీద వెల్లకిలా పడ్డాను. మోచెయ్యి రాయికి తగిలి చర్మం లేచిపోయింది. పుండు మీద కారం పడితే ఎలా ఉంటుందో మా వాళ్లకి చెప్పక్కర్లేదు. లేవబోతే వాడు నా కాళ్లు పట్టి కళ్లం అంచుకి ఈడ్చి వదిలాడు. హమాలీలు గోతాలు దులుపుతున్నారు. నేను పడినచోటే బోర్లా తిరిగి వాడి చీలమండ కొరికాను. నోటికి రక్తం తగిలింది. వాడు ఉరిమినట్టు అరిచి వంగి నా జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు నా చేతికి అందింది మిరపకాయలే. పిడికిట్లో నలిపి, గింజతో సహా, వాడి రెండు కళ్లలో కొట్టి రుద్దాను. నా గోరు లోపలికి దిగింది, నాకు తెలుస్తూనే ఉంది. ఆపలేదు.

వాడి కేక విని పక్క చేలో పత్తి కట్టె పీకుతున్న మరదలు పరిగెత్తుకొచ్చింది. వాడు కారం చేతులతోనే కళ్లు పులుముకుంటున్నాడు. అలా పులిమితే చూపే పోతుంది. దళారి, హమాలీలు కలిసి వాణ్ణి పడగొట్టారు. ఒక హమాలీ ముక్కు మీద గుద్దు పడి రక్తం కారింది. మరదలు తుండుగుడ్డతో వాడి చేతులు వెనక్కి విరిచి కట్టింది. కట్టి, బిందెతో నీళ్లు కళ్లలో పోస్తూ, "వదినా, నువ్వు పాముకంటే కనాకష్టం" అని ఏడ్చింది.

దళారి ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆయన వచ్చేలోపు వాడు నీళ్లలో తడిసి, కళ్లు రెండూ వాచి మూసుకుపోయి, అడుగుతున్నదేంటో తెలుసా? "ఎంతుంది? అక్కా, ఎంతుందో చూడు!" తిట్టిన నోటితోనే నన్ను అక్కా అంటున్నాడు.

వాడి బొటనవేలు కడిగి ఫోన్ మీద నొక్కించి తెరిచాను. సున్నా, చుక్క, సున్నా, సున్నా, సున్నా... నేను ఒక్కో అంకె కూడబలుక్కుని చదివేసరికి అది మారిపోతోంది.

"గబగబా చదవ్వే!"

"సున్నాలు లెక్కపెట్టటం రాదన్నావుగా. ఆగు."

పన్నెండైంది. నిజంగానే లేచింది, ఆ మాట నా నోట పైకే వచ్చేసింది. ఆకుపచ్చ గీత నిట్టనిలువుగా పైకి పోయింది. వాడు కట్లు తెంపుకోబోయి నేలకి తల కొట్టుకున్నాడు. "చంపేశావే! నా బతుకు చంపేశావే!" అన్నాడు. నిజం చెబుతున్నా, ఆ గీత చూస్తుంటే నా ఒళ్లు కూడా వేడెక్కింది. చర్మం లేచిన మోచెయ్యి మంట కూడా తెలియలేదు. హమాలీల వైపు తిరిగి "ఎత్తండి" అందామని నోరు తెరిచాను. తడి కాయ మీద ఇంత కొట్లాడిన దాన్ని, నేనే తెరిచాను. మాట బయటికి రాకపోవటానికి కారణం నా తెలివి కాదు. ముందు సున్నాలు చదివి, ఆ తర్వాత చెబుదామనుకున్నాను. సున్నాలు చదువుతుండగానే గీత ఎర్రబడింది. పావుగంటలో, లేవకముందు ఎక్కడుందో దానికంటే కిందికి పడింది. గుంపులో ఆ కేకలు వేసినవాడి నోరు మూతపడింది. కాసేపటికి గుంపే లేదు.

వాడికి చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు.

డాక్టరు వచ్చి సెలైన్‌తో కడిగాడు. ఎడమ కన్ను తేరుకుంది. కుడి కంటి నల్లగుడ్డు మీద నా గోటి గీత పడింది. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే, మబ్బు అలాగే ఉంటుందన్నారు. కాయ ఇంకో వారం ఆరింది, మిర్చి యార్డులో ఆ రోజు ఏ రేటు ఉంటే ఆ రేటుకి పోయింది, పెద్ద గొప్పగా ఏమీ పోలేదు. కౌలు మాత్రం నిలబడింది. వాడు నాతో చేలో పనిచేస్తాడు, మాట్లాడడు. కుడి పక్క నించి నేను వెళితే ఉలిక్కిపడతాడు.

పంట కాపాడానని నన్ను పొగిడేవాళ్లు ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేదొకటే. వాడు కాయిన్ కోసం ఎంత పిచ్చెక్కి ఉన్నాడో, నేను కాయ కోసం అంతే పిచ్చెక్కి ఉన్నాను. ఫోన్లో కొనుక్కోండి, మానుకోండి, మీ ఇష్టం. ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు మాత్రం చెయ్యి ముందుకి చాచొద్దు. నేను చాచాను.

ఊరంతా చూసిందని చెప్పుకుంటున్నారు. ఊరు లేదు. ఆ రోజు కళ్లంలో ఉన్నవాళ్లు వీళ్లే: నేను, నా తమ్ముడు, వాడి పెళ్లాం, బీడీ కాల్చిన దళారి, ఇద్దరు హమాలీలు, బండిలోంచి దిగకుండా చూస్తూ కూర్చున్న మినీ లారీ డ్రైవరు, ఆఖర్న వచ్చిన డాక్టరు. ఇంకెవరూ లేరు.