మిరపతోటకు నీళ్లు తోడిన ఇంజన్

మా ఆస్తులు వేలానికి వచ్చినప్పుడు తాతగారి కారును పాడుకున్నవాడు ఒక మిర్చి కమిషన్ వ్యాపారి. మా వీధికి వచ్చినప్పుడల్లా కారును సరిగ్గా మా గుమ్మం ముందు ఆపి, రబ్బరు బుడ్డి హారన్ రెండుసార్లు నొక్కేవాడు. నాన్నగారు చదువుతున్న పేపరు దించేవారు కాదు. ఆయన పోయిన రోజున కూడా ఆ హారన్ మోగింది.

మొన్న గుంటూరులో పాతకాలపు కార్ల వేలంలో అతన్ని మళ్లీ చూశాను. తాతగారి కారునే అమ్మకానికి పెట్టాడు. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు.

"బోల్టు కూడా మార్చలేదండీ, అంతా ఒరిజినలే. ఇదిగో, దొరగారి మనవడే వచ్చాడు, అడగండి!"

తాతగారి కారును నేను నలుగురిలో తక్కువ చేయనని అతని ధీమా.

కొనేవాళ్లు అడిగారు. చెప్పాను.

"అసలు ఇంజన్‌ను ఈయన తన మిరపతోట బావికి బిగించారండీ. నీళ్లు తోడి తోడి అది అరిగిపోయింది. ఇందులో ఉన్నది జీపు ఇంజన్. నంబరు చూసుకోండి."

బానెట్ ఎత్తి చూసినవాళ్లు ఒక్కొక్కరే పక్క కారు దగ్గరికి వెళ్లిపోయారు.

"ఏరా, మీ తాత కారు పరువే తీస్తావా?" అన్నాడు వ్యాపారి, బానెట్ దించుతూ.

"తాతగారి కారు ఆ బావి దగ్గరే పోయిందండీ. ఇది మీది" అన్నాను, అతని ముఖాన్ని తనివితీరా చూస్తూ.